హొనొలులులో డబ్బిచ్చి వేయించుకున్న దండ

హవాయిలో విమానం దిగగానే ఎవరో నవ్వుతూ ఎదురొచ్చి మెళ్ళో పూలదండ వేసి అలోహా అంటారని మీరు అనుకుంటున్నారేమో, నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను, అలాంటిదేమీ ఉండదండి. ఎవరి సూట్‌కేసు వాళ్ళు లాక్కుంటూ బయటికొచ్చి ట్యాక్సీ కోసం నిలబడ్డమే. దండ కావాలంటే ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకోవాలి, మనిషికింతని కట్టాలి, ఫ్లైట్ నంబరు ఇవ్వాలి. అప్పుడు మన పేరున్న బోర్డు పట్టుకుని బ్యాగేజీ బెల్టు దగ్గర ఒకరు నిలబడతారు. అంటే, నిలబడాలి.

జూన్‌లో అమ్మానాన్నల్ని తీసుకెళ్ళినప్పుడు అలాంటి సర్వీసు ఒకటి తీసుకున్నాను. మనిషికి 35 డాలర్లు, నలుగురికి. అమ్మ, నాన్న, డాలస్ నుంచి వారం ముందే శాన్‌హోజేలో మా ఇంటికొచ్చిన చెల్లి, నేను. మా ఆయన మాత్రం "నా మెళ్ళో ఒకసారి పడింది చాలు" అని తప్పుకున్నారు. కంపెనీ పేరు రాయను. ఇలాంటివి అక్కడ చాలా ఉన్నాయి, ఏది బుక్ చేసినా తెలుసుకోవాల్సినవి ఇవే.

మా నాన్న గురించి చెప్పకపోతే ఈ రివ్యూ సగమే అర్థమవుతుంది. మాది కడియం దగ్గర. గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నా, అక్కడ ఊళ్ళకి ఊళ్ళు నర్సరీలే, కడియపులంకలో పెద్ద పూల మార్కెట్ ఉంది, బంతీ చామంతీ లిల్లీ కాగడాలూ బుట్టల లెక్కన దిగుతాయి. నాన్న ఓపికున్నన్నాళ్ళూ ఆ మార్కెట్లో కమీషన్ కొట్టు నడిపారు. పువ్వు రేకుని వేళ్ళతో ఒక్కసారి నలిపితే ఎప్పుడు కోశారో, నీళ్ళు కొట్టి బరువు పెంచారో లేదో చెప్పేస్తారు. అలాంటి మనిషికి డాలర్లు పోసి దండ వేయించాలనుకున్నాను చూడండి, అదీ నా తెలివి.

ఫ్లైట్ ఇరవై నిమిషాలు ముందే దిగింది. హొనొలులు ఎయిర్‌పోర్టు బాగుంటుంది, నడిచే దారులు చాలావరకు ఓపెన్‌గా ఉండి సముద్రం గాలి తగులుతుంటుంది, ఏసీలోంచి ఏసీలోకి నడిచే మిగతా ఎయిర్‌పోర్టుల్లా కాదు. బెల్టు దగ్గరికొచ్చాం. మా చుట్టూ నాలుగైదు బోర్డులున్నాయి, ఒక్కదాని మీదా మా పేరు లేదు. పెట్టెలు కూడా వచ్చేశాయి. కంపెనీకి ఫోన్ చేస్తే వాయిస్ మెయిల్‌కి పోతోంది. పక్కన ఒక పెద్ద జపనీస్ కుటుంబానికి వరసగా దండలు వేస్తున్నారు, అమ్మ వాళ్ళని చూస్తోంది, నన్ను చూస్తోంది, ఏమీ అనట్లేదు. ఆ అనకపోవడమే ఎక్కువ టెన్షన్. ఇరవై ఐదు నిమిషాలయ్యాక ఒకావిడ, అరవై ఏళ్ళుంటాయి, పెద్ద పువ్వుల గౌను వేసుకుని, చేతికి దండల కవరు తగిలించుకుని ఆయాసపడుతూ వచ్చింది. బోర్డు మీద మా ఇంటి పేరులో రెండు అక్షరాలు ఎగిరిపోయాయి. ఆఫీసువాళ్ళు తనకి పాత టైమే పంపారట, పైగా గంటలో మూడు ఫ్లైట్లు తనొక్కతే చూసుకోవాలట. ఆవిడ మీద నాకేం కోపం లేదు. మనిషికి 35 తీసుకుని, ఒక్కరి నెత్తిన మూడు ఫ్లైట్లు పెట్టినవాళ్ళ మీదే కోపం.

ఇక దండలు. వెబ్‌సైట్లో ఫోటో దేవగన్నేరు పూలది. మధ్యలో పసుపు, చుట్టూ తెలుపు, గుడి దగ్గర ఉంటుంది కదా ఆ చెట్టు. కవర్లోంచి బయటికొచ్చినవి ఊదా రంగు ఆర్కిడ్లు. ఫ్రిజ్‌లోంచి తీసినవి, మెడకి చల్లగా తగిలాయి, వాసన సున్నా. తర్వాత వెతికితే కనపడింది, కింద చిన్న అక్షరాల్లో పువ్వులు మారవచ్చు అని రాసే ఉంది. జూన్ నెలండీ! ఆ ఊళ్ళో ఎటు చూసినా దేవగన్నేరు చెట్లు ఆకు కనపడకుండా పూసి ఉన్నాయి. నాన్న ఒక ఆర్కిడ్ మొగ్గ నలిపి చూసి "ఇది ఇక్కడి సరుకు కాదమ్మా, బాక్సుల్లో వచ్చింది" అన్నారు. నిజమే, మామూలు రకం దండల్లో పెట్టే ఆర్కిడ్లు చాలావరకు థాయిలాండ్ నుంచి విమానాల్లో దిగుతాయి. మూడు నాలుగు రోజులు వాడవు, నలగవు, లెక్కపెట్టి గుచ్చుకోవచ్చు, కంపెనీలకి అదే కావాలి. దేవగన్నేరు దండ ఒకటి రెండు రోజుల్లో అంచులు నల్లబడిపోతుంది.

అయినా ఆ అరగంటలో రెండు విషయాలు జరిగాయి, వాటి వల్లే ఈ రివ్యూకి ఒక స్టార్ కాకుండా మూడు ఇస్తున్నాను.

మొదటిది నాన్నది. ఆవిడ అలోహా అంటూ ఆయన మెళ్ళో దండ వేసింది. ఆయన రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టారు, అక్కడిదాకా బాగానే ఉంది. వెంటనే, రెండు సెకన్లు కూడా కాలేదు, దండ తీసేసి మడిచి చేత్తో పట్టుకున్నారు. మన దగ్గర పెద్దమనిషి తరహా అదే కదా. సన్మాన సభలో దండ వేయించుకోవడం, ఫోటో దిగడం, తీసి పక్కన టేబుల్ మీద పెట్టడం. మెళ్ళో ఉంచుకుని కూర్చుంటే డాబు అనుకుంటారు. అక్కడ సరిగ్గా దానికి రివర్స్. వేసినవాళ్ళ ముందే తీసేస్తే నీ ఆదరం నాకొద్దు అన్నట్టు. ఆవిడ మొహం కొంచెం చిన్నబోయింది. నేను గబగబా "మా వైపు తీసేయడమే వినయం, మీరు అవమానం అనుకోకండి" అని చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి పెద్దగా నవ్వి, తనూ చేతులు జోడించి, దండ ఆయన చేతిలోంచి తీసుకుని మళ్ళీ వేసింది. ఈసారి భుజాల మీద సర్ది, సగం ముందుకీ సగం వీపు మీదికీ వచ్చేట్టు. మనవాళ్ళం దండంతా ముందుకి వేలాడేసుకుంటాం, వాళ్ళు అలా వేసుకోరు. నాన్న హోటల్‌కి చేరేదాకా బిగుసుకుపోయి కూర్చున్నారు, "ఫోటోకి వేసినట్టుందమ్మా" అని ట్యాక్సీలో రెండుసార్లు అన్నారు గానీ తీయలేదు.

రెండోది చెల్లిది. దానికి ఆరో నెల. అది లూజు కుర్తా వేసుకుంది, బుకింగ్‌లో ఆ సంగతి మేం రాయలేదు, అడిగిన కాలమ్ కూడా లేదు. ఆవిడ దండ చేతిలోకి తీసుకుని దాని దగ్గరికొచ్చి ఆగిపోయింది. "ఎన్నో నెల?" అంది. చెప్పగానే దండ ముడి ఎక్కడుందో వేళ్ళతో తడిమి వెతికి, రిబ్బన్ విప్పి, గోటితో ముడి ఊడదీసి, రెండు కొసల్లో పూలు జారిపోకుండా విడివిడిగా ముళ్ళేసి, కండువాలా భుజాల మీద వేసింది. కడుపుతో ఉన్నవాళ్ళకి గుండ్రంగా మూసేసిన దండ వేయరట, కడుపులో బిడ్డ మెడకి బొడ్డుతాడు చుట్టుకుంటుందని వాళ్ళ నమ్మకం. మా అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం, కానీ ఇది ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమైపోయింది. "గ్రహణం రోజు కత్తిపీట ముట్టుకోనివ్వంగదా, అలాంటిదే" అంది నాతో. ఆవిడకి ముగ్గురు మనవలట. ఆ ఐదు నిమిషాలు ఆవిడ కంపెనీ మనిషిలా లేదు, మా పెద్దమ్మలా ఉంది. టిప్ ఇస్తే ముందు వద్దంది. తర్వాత తీసుకుంది, తీసుకోవాలి కూడా.

మర్నాడు అమ్మ అడిగింది, నిజం పూలు ఎక్కడ దొరుకుతాయే అని. హొనొలులు చైనాటౌన్‌లో మౌనాకియా వీధి ఉంది, వరసగా దండల కొట్లు, తరాలుగా అదే పని చేస్తున్న కుటుంబాలున్నాయి. కొట్టు వెనకాల బల్ల మీద కూర్చుని గుచ్చుతుంటారు. మన జానెడున్నర ఉంటుంది వాళ్ళ స్టీలు సూది, దానికి ఒకేసారి పది పన్నెండు పూలు ఎక్కించి దారం మీదికి తోసేస్తారు. దేవగన్నేరు దండకి యాభై పూల దాకా పడుతుంది. హవాయి భాషలో దండని లెయ్ అంటారు, ఒకటైనా పదైనా లెయ్యే. గుచ్చితే కుయి, దారంతో చుట్టి కడితే విలి, జడలా అల్లితే హిలి. అమ్మ కాసేపు చూసి, "గుచ్చుతున్నారు, కట్టట్లేదు" అని తీర్పు చెప్పింది. సూది లేకుండా రెండు వేళ్ళతో దారం మెలేసి మల్లెపూలు కట్టేవాళ్ళకి గుచ్చడం కొంచెం చిన్నపనే కదా. కొట్టావిడ దగ్గర దారం ముక్క అడిగి, రాలిన పూలతో జానెడు కట్టి చూపించింది. ఆవిడ దాన్ని లాగి చూసింది, ఊడలేదు.

ఆ కొట్లోనే అసలు సంగతి బయటపడింది. అద్దాల ఫ్రిజ్‌లో తడి కాగితం మీద సన్నటి తెల్ల దండలున్నాయి. పికాకె అని రాసుంది. తలుపు తీయగానే వాసన కొట్టింది, ముగ్గురం ఒకేసారి అన్నాం, మల్లెపూలు! అచ్చంగా మన మల్లే, విడవని మొగ్గలు. పికాకె అంటే వాళ్ళ భాషలో నెమలి, పీకాక్ అన్న ఇంగ్లీషు మాటే అలా మారింది. కైయులాని అని వాళ్ళ రాకుమారి ఉండేది, వైకీకీలో ఆవిడ తోటలో నెమళ్ళు తిరిగేవి, మల్లె పొదలూ ఉండేవి, రెండూ ఆవిడకి ప్రాణమని పువ్వుకి నెమలి పేరు వచ్చింది. పాపం ఇరవై మూడేళ్ళకే పోయింది, 1899లో. మూడు పేటల పికాకె 42 డాలర్లు చెప్పారు. అమ్మ "మూర ఎంతో అడుగు" అంది. లెక్కేస్తే దండ సుమారు రెండు మూరలు. ఆ లెక్క నేను రూపాయల్లోకి మార్చి చెప్పలేదు, ట్రిప్ చెడగొట్టుకోవడం ఎందుకని. కొన్నాం. అమ్మ ఒక పేట మెళ్ళో ఉంచుకుని రెండు పేటలు తీసి జడలో పెట్టుకుంది. కొట్టావిడ చూస్తూ ఊరుకుంది, బాగుందని బొటనవేలు చూపించింది.

జిల్లేడు పూల దండలు కూడా ఉన్నాయక్కడ. ఔనండీ, మన వినాయకుడి జిల్లేడే. రేకులు ఒలిచేసి మధ్యలో కిరీటంలా ఉండే భాగాన్ని మాత్రమే గుచ్చుతారు, దంతంతో చేసిన పూసల్లా ఉంటాయి. హవాయిని ఏలిన ఆఖరి రాణి లిలియువొకలానికి ఇష్టమైన పువ్వు అది. 1893లో ఆవిణ్ణి గద్దె దించేశారు. మన దగ్గర ఇంటి ముందు మొలిస్తే పీకేసే మొక్క అక్కడ రాణిగారి పువ్వయింది. నాన్నకి మాత్రం ఇంకో పువ్వు నచ్చింది, పువా కెనికెని. తెల్లగా పూసి, గంటలు గడిచేకొద్దీ లేత పసుపులోకి, తర్వాత నారింజలోకి మారుతుంది. ఆ పేరుకి పది సెంట్ల పువ్వని అర్థం, ఒకప్పుడు ఒక్కో పువ్వు పది సెంట్లకి అమ్మేవాళ్ళట. పేరులోనే రేటున్న పువ్వు కడియపులంకలో లేదే అని ఆయన బాధ.

అందరూ చెప్పే పడవల కథ కూడా ఒక ముక్కలో చెప్తా, ఎందుకంటే ఈ ఎయిర్‌పోర్టు దండల వ్యాపారానికి మూలం అదే. విమానాలు రాకముందు మాట్సన్ కంపెనీ స్టీమర్లు వచ్చే రోజంటే ఊరికి పండగ. రేవులో అలోహా టవర్ దగ్గర, అది 1926లో కట్టింది, బ్యాండు వాయించేవాళ్ళు, దండలమ్మే ఆడవాళ్ళు బారులు తీరి కూర్చునేవాళ్ళు. వెళ్ళిపోయేవాళ్ళు డైమండ్ హెడ్ కొండ దాటుతుండగా దండ సముద్రంలోకి విసిరేవాళ్ళు, అది ఒడ్డుకి కొట్టుకొస్తే మళ్ళీ ఇక్కడికి వస్తారని నమ్మకం. ఇప్పుడు విసరకండి, దారం చేపలకీ తాబేళ్ళకీ చుట్టుకుంటుంది. పూలు వాడాక చెత్తబుట్టలో వేయడం కూడా తప్పే వాళ్ళ లెక్కలో, దారం తీసేసి పూలు చెట్టు మొదట్లో వేయాలి. ఈ ఒక్కటి మాకు ఎవరూ నేర్పక్కర్లేదు, పూజ చేసిన పూలు ఎక్కడ వేస్తామో మనకి తెలిసిందే. మా హోటల్ బాల్కనీలో అమ్మ దారాలు తీసి కుప్ప పెడుతుంటే రూమ్ శుభ్రం చేసే అమ్మాయి చూసి థాంక్స్ చెప్పి వెళ్ళింది.

మేం ఉన్నప్పుడే కామెహమెహా రాజు పండగ వచ్చింది, జూన్ 11. ఆ దగ్గర్లో ఒక రోజు ఊరి మధ్యలో ఉన్న ఆయన విగ్రహానికి మనిషి ఎత్తుని మించిన పొడుగు దండలు వేస్తారు, అగ్నిమాపక దళం వాళ్ళ నిచ్చెన బండి వచ్చి ఎత్తుతుంది. ఎంతో గంభీరంగా జరుగుతోంది, అందరూ నిశ్శబ్దంగా చూస్తున్నారు. నాన్న నా చెవిలో "మన వాళ్ళు క్రేన్‌తో వేస్తారు గజమాల" అన్నారు. నవ్వాపుకోలేక పక్కకి వెళ్ళాను.

సరే, బుక్ చేసుకోవాలా వద్దా? మీతో పెద్దవాళ్ళుంటే, వాళ్ళు మొదటిసారి వస్తుంటే, దిగగానే ఎవరో ఎదురురావడం వాళ్ళకి నచ్చుతుంది, తీసుకోండి. కానీ ఏ పువ్వో రాతపూర్వకంగా అడగండి, సీజన్‌ని బట్టి అంటే ఆర్కిడ్ అని అర్థం చేసుకోండి. ఏ బెల్టు దగ్గర నిలబడతారో, ఫ్లైట్ ముందే దిగితే ఎవరికి ఫోన్ చేయాలో మెయిల్లో తెప్పించుకోండి. కడుపుతో ఉన్నవాళ్ళుంటే ముందే చెప్పండి, అందరికీ మాకు దొరికినావిడ దొరకదు. మీరొక్కరే, లేదా కుర్రాళ్ళే అయితే 35 డాలర్లు దండగ. ఎయిర్‌పోర్టు ఆవరణలోనే దండల కొట్లు వరసగా ఉన్నాయి, ఒకరు ముందు వెళ్ళి కొనుక్కొచ్చి మిగతావాళ్ళకి వేయొచ్చు. లిల్లీ, ఆర్కిడ్ కలిపి గుచ్చింది నేను 16కి కొన్నాను, వాసన రూమంతా నిండింది. అసలు అక్కడివాళ్ళు చేసేది కూడా అదే. మనవరాలు వస్తే అమ్మమ్మ ఇంట్లోనే గుచ్చి పట్టుకొస్తుంది. మే, జూన్ నెలల్లో స్కూలు పాసైన పిల్లలకి చుట్టాలందరూ వేసిన దండలు గడ్డం దాకా పేరుకుని, పిల్లల కళ్ళు మాత్రమే కనపడుతుంటాయి. వాటిలో ఏదీ ఆన్‌లైన్లో బుక్ చేసింది కాదు. చెల్లికి ఈసారి నేనే వేస్తానని చెప్పాను, కండువాలాగే.

రిఫండ్ సంగతి. ఆలస్యం గురించి, ఫోటో గురించి మెయిల్ పెట్టాను. పది రోజులకి వచ్చే ట్రిప్‌లో పది శాతం తగ్గింపు కూపన్ పంపారు. ఆవిడ గురించి మెచ్చుకుంటూ ఇంకో మెయిల్ రాశాను, ఒకరికి ఒక ఫ్లైటే ఇవ్వండి అని కూడా రాశాను. దానికి జవాబు లేదు.

తిరుగు ప్రయాణంలో ఒకటి గుర్తుంచుకోండి. మెయిన్‌లాండ్‌కి, అంటే అమెరికా ప్రధాన భూభాగానికి, వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్టులో వ్యవసాయ శాఖ వాళ్ళు బ్యాగులు స్కాన్ చేస్తారు. నిమ్మ జాతి ఆకులు, పూలు కలిసిన దండలు రానివ్వరు. మల్లె, ఆర్కిడ్, లిల్లీ దండలైతే మెళ్ళో వేసుకునే వెళ్ళొచ్చు. అక్కడున్న ఆఫీసరమ్మ అమ్మ జడ వైపు వంగి చూసి "పికాకె" అంది. అమ్మ "మల్లి" అంది. వెళ్ళమంది. నాన్న బ్యాగు మాత్రం ఆపేశారు. తెరిస్తే లుంగీలో చుట్టి మూరెడు దేవగన్నేరు కొమ్మ, శాన్‌హోజేలో మా పెరట్లో నాటడానికని ఎక్కడ విరిచారో మాకెవరికీ తెలియదు. తనిఖీ స్టాంపు లేని కొమ్మ కుదరదని తీసి పక్కన పెట్టేశారు. స్టాంపేసినవి కొట్లలో అమ్ముతారు, ఎనిమిది డాలర్లని నేనే చెప్పాను. ఆయన కొననివ్వలేదు. కొమ్మకి డబ్బులేంటి అన్నారు.